టీబీ ఎవరి ఇంటికి ముందు వస్తుంది?

క్షయ క్రిమికి కులం లేదు, ఆస్తిపాస్తుల పట్టింపు లేదు. రోగి దగ్గినప్పుడు గాలిలో కలిసే సన్నటి తుంపరను పక్కనున్నవాళ్లు ఎవరు పీల్చినా క్రిమి వాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అమితాబ్ బచ్చన్ అంతటి నటుడికి వెన్నెముక టీబీ వచ్చింది. ఆ సంగతి ఆయనే బయటికి చెప్పి, టీబీ ప్రచారానికి ముందు నిలిచారు. అయినా ఏదైనా ప్రభుత్వాసుపత్రి టీబీ వార్డుకు వెళ్లి చూడండి. మంచాల మీద ఎక్కువగా ఉండేది రోజు కూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, క్రషర్ల దగ్గర దుమ్ములో పనిచేసేవాళ్లు, ఒక్క గదిలో ఐదారుగురు సర్దుకుని బతికేవాళ్లు. క్రిమి మనిషిని ఏరి పట్టుకోదు. మరి ఈ ఏరివేత ఎక్కడ జరుగుతోంది?

ఇది లక్షల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మన దేశంలో దాదాపు 28 లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చింది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతుకు పైగా మనవాళ్లే. అదే ఏడాది మన దేశంలో 3 లక్షల మందికి పైగా టీబీతో చనిపోయారు. మందు లేని రోజుల్లో ఇంతమంది పోయారంటే అర్థం చేసుకోవచ్చు. మందు వచ్చి డెబ్భై ఏళ్లు దాటింది. ఆరు నెలలు క్రమం తప్పకుండా వాడితే మామూలు టీబీ నయమవుతుంది. ఆ మందుల్ని ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. అయినా ఇన్ని చావులంటే, కారణాన్ని క్రిమిలోనూ మందులోనూ మాత్రమే వెతికితే దొరకదు. మనిషి ఉండే ఇంట్లో, తినే కంచంలో, ఆసుపత్రికి వెళ్లే దారిలో, మందు వాడే ఆరు నెలల బతుకులో వెతకాలి. ఆ నాలుగు చోట్లా ఏం జరుగుతోందో వరసగా చూద్దాం.

క్రిమి సోకడం వేరు, జబ్బు పడటం వేరు

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ అనే వైద్యుడు క్షయకు ఒక బాక్టీరియా కారణమని ప్రకటించాడు. అంతకు ముందు దీన్ని వంశపారంపర్యంగా వచ్చే జబ్బనుకునేవాళ్లే ఎక్కువ. కోచ్ మాట చెప్పిన ఆ రోజునే ఇప్పటికీ ఏటా ప్రపంచ టీబీ దినంగా జరుపుకుంటున్నాం. అంటువ్యాధుల చరిత్రలో అదొక మలుపు. అయితే క్రిమి ఉన్న ప్రతి మనిషీ ఎందుకు జబ్బు పడడన్న ప్రశ్నకు జవాబు కోచ్ సూక్ష్మదర్శినిలో దొరికేది కాదు.

నూరుమందికి క్షయ క్రిమి సోకితే వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది ఐదు నుంచి పది మంది. మిగతావాళ్ల శరీరం దాన్ని లోపలే కట్టడి చేస్తుంది. వాళ్లకు దగ్గు ఉండదు, వాళ్ల నుంచి ఇంకొకరికి అంటదు. జబ్బు పడేవాళ్లలో కూడా చాలామంది క్రిమి సోకిన మొదటి రెండేళ్లలోనే పడతారు. అంటే టీబీ రావాలంటే ముందు క్రిమి సోకాలి, తర్వాత ఒంట్లోని రోగనిరోధక శక్తి సడలాలి. మొదటిది చాలావరకు ఇంటి మీద, పనిచోటు మీద ఆధారపడుతుంది. రెండోది తిండి మీద, మధుమేహం, హెచ్ఐవీ లాంటి ఇతర జబ్బుల మీద ఆధారపడుతుంది. ఆపైన జబ్బును ఎంత త్వరగా గుర్తించారు, చికిత్స పూర్తయిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ రోగి నుంచి ఇంకెందరికి అంటుతుందో తేలుతుంది.

సోకడం, జబ్బు పడటం, గుర్తించడం, నయం కావడం. ఈ నాలుగు మెట్ల దగ్గరా పేదవాడికి ప్రమాదం ఒకటిన్నర రెట్లే ఎక్కువని ఊరికే లెక్క కోసం అనుకుందాం. ఒక్కో మెట్టు విడిగా చూస్తే అదేమంత పెద్ద తేడాగా కనిపించదు. కానీ ఒకటిన్నరను ఒకటిన్నరతో నాలుగు సార్లు హెచ్చవేస్తే ఐదు దాటుతుంది. పేదరికం జబ్బుగా మారే తీరు ఇదే. ఏ ఒక్క చోటా పెద్ద తప్పు జరిగినట్టు ఉండదు, చివరికి మాత్రం ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఐదు రెట్ల తేడా తేలుతుంది.

వెలుతురు చొరని ఇల్లు

క్షయ క్రిమి గాలి ద్వారా వ్యాపిస్తుంది. గాలి ఆడే గదిలో ఆ తుంపరలు పలచబడి బయటికి పోతాయి. ఎండ తగిలితే క్రిములు చస్తాయి. కిటికీ లేని గదిలో, తలుపు వేసుకుని అందరూ ఒకేచోట పడుకునే రాత్రిళ్లు, అవే తుంపరలు గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. కాబట్టి ఇంటి వైశాల్యం, కిటికీ, ఎండ అన్నవి టీబీ విషయంలో సౌకర్యాల పద్దులోకి రావు, ఆరోగ్యం పద్దులోకి వస్తాయి.

ముంబయి తూర్పు శివార్లలో గోవండి, మాన్‌ఖుర్ద్ ప్రాంతాలున్నాయి. రోడ్లు, రైలు మార్గాల కోసం గుడిసెలు తీసేసినప్పుడు ఆ కుటుంబాలను ఇక్కడి బహుళ అంతస్తుల పునరావాస భవనాలకు తరలించారు. పక్కా ఇల్లు వచ్చింది, నల్లా వచ్చింది, ఇంట్లోనే మరుగుదొడ్డి వచ్చింది. అయితే భవనానికీ భవనానికీ మధ్య ఎడం కొన్నిచోట్ల మూడు మీటర్లే. కింది అంతస్తుల్లో పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. డాక్టర్స్ ఫర్ యూ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. గాలీ వెలుతురూ చొరని ఇళ్లలో, ముఖ్యంగా కింది అంతస్తుల్లో, టీబీ ఎక్కువగా ఉందని తేలింది. అక్కడివాళ్లంతా దాదాపు ఒకే ఆదాయం, ఒకే రకం పనులు ఉన్నవాళ్లు. వాళ్లలో ఎవరికి ముప్పు ఎక్కువో భవనం నక్షా గీసినరోజే కొంతవరకు నిర్ణయమైపోయింది. పేదలకు ఇల్లు కట్టించడం వేరు, ఆరోగ్యంగా బతికే ఇల్లు కట్టించడం వేరని ఆ భవనాలు చెబుతున్నాయి.

కరోనా కాలంలో ఇదే నగరం ఇంకో రుజువు చూపింది. 2020 జూలైలో ముంబయిలోని మూడు వార్డుల్లో రక్త పరీక్షలతో ఒక సర్వే చేశారు. మురికివాడల్లో నూటికి 57 మందిలో కరోనా యాంటీబాడీలు కనిపించాయి. అవే వార్డుల్లో మురికివాడలు కాని చోట్ల నూటికి 16 మందిలోనే. వైరస్ ఒకటే, లాక్‌డౌన్ నిబంధనలూ ఒకటే. ఇంట్లోనే ఉండండి, దూరం పాటించండి అని అందరికీ ఒకేలా చెప్పారు. ఆ మాట పాటించడానికి కావలసిన చోటు మాత్రం అందరికీ లేదు. చాలా కుటుంబాలు కలిసి వాడుకునే మరుగుదొడ్డి ముందు వరసలో నిలబడ్డ మనిషి దూరం ఎలా పాటిస్తాడు?

పనిచోటు కూడా ఇంటి లాంటిదే. రాతి క్వారీలు, క్రషర్లు, క్వార్ట్జ్ రాతిని పొడి చేసే మిల్లుల్లో గాలిలో లేచే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని, క్రిములను మింగి చంపే కణాలనే దెబ్బతీస్తుంది. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. నీళ్లు చల్లి ధూళి అణచడం, యంత్రానికి మూత వేయడం యజమాని చేతిలో పని. ఆ ఖర్చు మిగుల్చుకుంటే దాని మూల్యం కూలివాడి ఊపిరితిత్తులు చెల్లిస్తాయి.

కంచంలో తగ్గినకొద్దీ

మన దేశంలో టీబీని ఎగదోస్తున్న కారణాల్లో అన్నిటికంటే పెద్దది పోషకాహార లోపం. ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బీఎంఐ ఒక్క పాయింటు తగ్గితే టీబీ ముప్పు దాదాపు 14 శాతం పెరుగుతుందని, వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. కారణం అంతుబట్టనిదేం కాదు. క్షయ క్రిమిని లోపల బంధించి ఉంచేది రోగనిరోధక కణాలు. అవి తయారు కావడానికి మాంసకృత్తులు, శక్తి, జింక్, విటమిన్లు కావాలి. తిండి చాలనప్పుడు శరీరం చేసే పొదుపు ఈ కణాల మీద కూడా పడుతుంది.

రెండో ప్రపంచయుద్ధ కాలపు సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. జర్మన్ల చెరలో బ్రిటిష్, రష్యన్ యుద్ధఖైదీలు దాదాపు ఒకే పరిస్థితుల్లో ఉన్నారు. బ్రిటిష్ ఖైదీలకు రెడ్ క్రాస్ పంపే తిండి పొట్లాలు అదనంగా అందేవి, రష్యన్లకు అందేవి కావు. తర్వాత పరీక్షిస్తే బ్రిటిష్ ఖైదీల్లో టీబీ ఉన్నవాళ్లు నూటికి ఒకరికి కాస్త పైన, రష్యన్లలో నూటికి 15 నుంచి 19 మంది. ఇరుకు ఒకటే, చలి ఒకటే, క్రిమి ఒకటే. ముఖ్యమైన తేడా ఆ పొట్లం.

యుద్ధం కల్పించిన పోలికను నమ్మడానికి శాస్త్రం కొంత జంకుతుంది. కచ్చితమైన జవాబు కావాలంటే పద్ధతి ప్రకారం ప్రయోగం చేయాలి. ఆ పని మన దేశంలోనే జరిగింది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవల బృందం 2019 నుంచి 2022 దాకా జార్ఖండ్‌లో రేషన్స్ అనే పేరుతో ఒక పరిశోధన నడిపింది. అందులో 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది కుటుంబసభ్యులు ఉన్నారు. రోగుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు ఉండాల్సిన బరువుకంటే తక్కువున్నవాళ్లే. రోగులందరికీ నెలకు పది కిలోల తిండి సరుకులు ఇచ్చారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, వాటితోపాటు విటమిన్ మాత్రలు. రోగికి ఇవ్వకుండా ఆపి ఏమవుతుందో చూడటం అన్యాయం కనుక పోలికను ఇంట్లోవాళ్ల మధ్య పెట్టారు. సగం ఇళ్లలో కుటుంబసభ్యులకు కూడా తలకు నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్లు అందాయి. మిగతా సగం ఇళ్లలో కుటుంబసభ్యులు ఎప్పటిలాగే తిన్నారు.

2023లో ది లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. తిండి అందిన ఇళ్లలో కుటుంబసభ్యులకు కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే ఊపిరితిత్తుల టీబీ అయితే దాదాపు సగానికి తగ్గింది. రోగుల విషయంలో కూడా ఒక సంగతి బయటపడింది. చికిత్స మొదలైన తొలి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లలో చావులు గణనీయంగా తక్కువ. ఇందుకైన ఖర్చు నెలకు రోగికి సుమారు 13 డాలర్లు, కుటుంబసభ్యుడికి సుమారు 4 డాలర్లు. కొత్త టీకా ఏదైనా ఇంత ఫలితం ఇస్తే ప్రపంచమంతా పండగ చేసుకునేది. ఇక్కడ ఆ పని చేసింది బియ్యమూ పప్పూ.

మద్రాసు పాఠాన్ని సరిగా చదవాలి

తిండికీ టీబీకీ ఉన్న ముడి ఇంత స్పష్టమైతే, ఇన్నేళ్లు టీబీ కార్యక్రమాల్లో తిండి ఊసే ఎందుకు లేదు? దానికి సమాధానం మద్రాసులో ఉంది.

మందులు రాకముందు టీబీకి తెలిసిన చికిత్స విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. అందుకే కొండగాలి తగిలే చోట్ల శానిటోరియాలు కట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వందేళ్ల కిందట అలా వెలిసిందే. కానీ రోగులు లక్షల్లో ఉంటే మంచాలు వేలల్లోనే ఉండేవి. 1956లో మద్రాసులో ఏర్పాటైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఈ చిక్కును నేరుగా పరీక్షకు పెట్టింది. నగరంలోని పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇళ్లలోనే ఉంచి అవే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. శానిటోరియంలో ఉన్నవాళ్లకు మంచి తిండి, విశ్రాంతి దొరికాయి. ఇళ్లలో ఉన్నవాళ్లది చాలీచాలని తిండి, ఇరుకు గది. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులవాళ్లకూ దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లో చికిత్స పొందినవాళ్ల కుటుంబాలకు అదనపు ముప్పు కూడా కనిపించలేదు. మందు మొదలయ్యాక రోగి నుంచి అంటడం త్వరగా తగ్గిపోవడమే అందుకు కారణం.

ఇది పేదల పక్షాన వచ్చిన ఫలితం. శానిటోరియం మంచం దొరకని మనిషికి కూడా వైద్యం అందించవచ్చని ప్రపంచానికి చెప్పింది. ఇంటి దగ్గరే మందులిచ్చే పద్ధతి చాలా దేశాలకు పాకడానికి అదే దారి వేసింది. అయితే ఆ ఫలితాన్ని చదివినవాళ్లు మెల్లగా ఇంకో నిర్ణయానికి వచ్చారు: మందు ఉంటే చాలు, తిండి సంగతి వైద్యశాఖకు అక్కర్లేదని. మద్రాసు అడిగిన ప్రశ్న, జబ్బు పడ్డవాడికి మందుతో నయమవుతుందా అన్నది. జార్ఖండ్ అడిగిన ప్రశ్న, ఇంట్లో మిగతావాళ్లు జబ్బు పడకుండా ఆపవచ్చా అన్నది. రెండింటి జవాబులూ నిజమే, ఒకదాన్నొకటి కొట్టేయవు. మందు రోగిని కాపాడుతుంది, తిండి రోగి కాబోయేవాణ్ని కాపాడుతుంది. దశాబ్దాలపాటు మనం మొదటి సగంతోనే సరిపెట్టుకున్నాం.

దగ్గుకీ డాక్టరుకీ మధ్య

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం. ఇవి కనిపిస్తే తెమడ పరీక్ష చేయించుకోవాలని గోడల మీద రాసి ఉంటుంది. 2019 నుంచి 2021 దాకా దేశవ్యాప్తంగా జరిగిన టీబీ సర్వేలో ఇలాంటి లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది ఎక్కడా వైద్యం కోసం వెళ్లలేదని తేలింది. ఎక్కువమంది చెప్పిన కారణం, దాన్ని పెద్దగా పట్టించుకోలేదని.

ఈ మాట విని వాళ్లకు అవగాహన లేదని తీర్పు చెప్పడం తేలిక. కాస్త ఆగి ఆలోచించాలి. దుమ్ములో, పొగలో పనిచేసేవాళ్లకు దగ్గు ఎప్పుడూ ఉండేదే. ఆసుపత్రికి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, పరీక్ష ఫలితం కోసం ఇంకో రోజు పోతుంది, రెండు రోజులు నాగా పెడితే మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు. అందుకే ముందు మందుల షాపులో దగ్గు సిరప్పు, తర్వాత ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షను, జ్వరం మళ్లీ వచ్చాక పట్నంలో ప్రైవేటు ఆసుపత్రి, చేతిలో డబ్బు అయిపోయాక ప్రభుత్వాసుపత్రి. ఈ తిరుగుడులో వారాలు, నెలలు గడుస్తాయి. ఆ కాలమంతా ఇంట్లో పిల్లలు, పక్కన పనిచేసేవాళ్లు అదే గాలి పీలుస్తుంటారు. ఆలస్యం రోగి ఒక్కడి నష్టంతో ఆగదు, అదే జబ్బు వ్యాపించే దారి అవుతుంది.

ఆడవాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది. పెళ్లి కావలసిన అమ్మాయికి టీబీ అని తెలిస్తే సంబంధాలు రావని దాస్తారు. కోడలికి వస్తే పుట్టింటికి పంపేసే ఇళ్లున్నాయి. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఉన్నచోట ఆమెకు దక్కే తిండీ తక్కువే, వైద్యానికి ఆమె కోసం తీసే డబ్బూ తక్కువే. గిరిజనుల సంగతి కూడా చూడాలి. మధ్యప్రదేశ్‌లోని సహరియా గిరిజనుల్లో టీబీ దేశ సగటుకంటే ఎన్నో రెట్లు ఎక్కువని చాలా ఏళ్లుగా అధ్యయనాలు చెబుతున్నాయి. పోషణ లోపం, ఇరుకు గుడిసె, దూరంగా ఉన్న ఆసుపత్రి, సమాజం చూపే చిన్నచూపు అన్నీ ఒక్కచోట కూడితే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఉచిత మందు ఖరీదు

మందు ఉచితమైనా జబ్బు ఉచితం కాదు. రోగం తెలిసేలోపే ప్రైవేటు పరీక్షలకు అప్పు చేసి ఉంటారు. నీరసంతో నెలల తరబడి పనికి పోలేరు. ఇంటి పెద్దకు టీబీ వస్తే పిల్లవాడు బడి మానేసి పనికి పోతాడు, ఇల్లాలు కంచంలో ఇంకొంచెం తగ్గించుకుంటుంది. అలా ఇంట్లో మిగతావాళ్ల బరువు తగ్గుతుంది, వాళ్లకు టీబీ ముప్పు పెరుగుతుంది. పేదరికం టీబీని తెస్తుంది, టీబీ పేదరికాన్ని పెంచుతుంది.

పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో పని వెతుక్కుంటూ పోయే కూలీలకు ఆరు నెలలు ఒకే చోట ఉండి మందు వాడటమే కష్టం. మధ్యలో ఆపేస్తే మందుకు లొంగని టీబీ తయారయ్యే ప్రమాదం ఉంది. దాని చికిత్స మరింత కష్టం. కాబట్టి మందు మానేశాడని రోగిని తిట్టేముందు, అతను వెళ్లిన ఊళ్లో ఆ మందు అతనికి సులువుగా దొరికిందా అని అడగాలి.

ప్రభుత్వం ఈ దిశలో కొంత కదిలింది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి చికిత్స కాలంలో రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేవారు. 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000కి పెంచారు. దాతలు రోగులకు పోషకాహార కిట్లు ఇచ్చే నిక్షయ్ మిత్ర 2022లో మొదలైంది. ఇవి మంచి అడుగులు. అయితే ఖాతాలో డబ్బు ఆలస్యంగా పడితే ఆ నెల తిండికి అది పనికిరాదు. కుటుంబసభ్యుల పోషణ దాత మనసు మీద ఆధారపడితే దాత లేని ఊళ్లో వాళ్ల గతేమిటి? చికిత్సలో భాగమైనదాన్ని దయాధర్మంగా వదిలేయకూడదు.

ఏం అడగాలి?

2025 నాటికి టీబీని అంతం చేయాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2015లో లక్ష మందికి 237గా ఉన్న కొత్త కేసులు 2023 నాటికి 195కి దిగాయి. తగ్గుదల ఉంది, ప్రపంచ సగటుకంటే వేగంగానే ఉంది. కానీ ఈ వేగంతో టీబీ అంతం కనుచూపు మేరలో లేదు. మెరుగైన పరీక్షలు, కొత్త మందులు కావలసిందే. వాటితోపాటు ఇళ్లకు గాలీ వెలుతురూ ఉండేలా కట్టడం, క్వారీల్లో ధూళి అణచడం, కంచంలో పప్పు ఉండేలా చూడటం కూడా టీబీ కార్యక్రమంలో భాగం కావాలి. ఈ పనుల్లో ఏదీ ఒక్క వైద్యశాఖ చేతిలో లేదు. గృహనిర్మాణం, కార్మిక, పౌరసరఫరాల శాఖలు కూడా తమ లక్ష్యాల్లో టీబీని రాసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా రేషన్ దుకాణం ఉంది, అంగన్‌వాడీ ఉంది, ఆశా కార్యకర్త ఉంది. టీబీ ఉన్న ప్రతి ఇంటికీ, రోగికి మాత్రమే కాకుండా ఇంట్లో అందరికీ, ఆరు నెలలపాటు పప్పు, నూనె, గుడ్లు అందించడానికి కొత్త వ్యవస్థ ఏదీ కట్టక్కర్లేదు. ఉన్నవాటికి ఆ బాధ్యత, దానికి సరిపడా డబ్బు ఇస్తే చాలు.

మనం చేయగలిగినదీ ఉంది. ఇంట్లో పనిచేసే మనిషి రెండు వారాలకు మించి దగ్గుతుంటే పని మాన్పించకుండా, కూలి కోయకుండా పరీక్షకు పంపాలి. టీబీ తేలిన ఇంట్లో మిగతావాళ్లకు కూడా పరీక్షలు చేయించాలి, జబ్బు లేనివాళ్లకు అది రాకుండా ఆపే మందులు ఉన్నాయి, వాటి గురించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి. మందు మొదలుపెట్టి కోలుకుంటున్నవాళ్లను వెలివేయకుండా పనిలోకి రానివ్వాలి. ఇవన్నీ మనకు అంటుతుందన్న భయంతో కాకుండా, ఆ మనిషి ప్రాణం మన ప్రాణమంత విలువైనదని చేయాలి. క్షయ క్రిమిని కనుగొన్న నాటి నుంచి మనం దానితోనే పోరాడుతున్నాం. అది తేలిగ్గా గెలిచే ఇళ్లను తయారుచేస్తున్న లేమితో కూడా అంతే పట్టుదలతో పోరాడిన రోజున టీబీ లెక్కలు ఇంకా వేగంగా దిగుతాయి.